కౌంటర్ మీది పసుపు కొమ్ములు

ఫార్మసీ చదివిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. మెడికల్ షాపులో చేరబోతున్నాం, ఏం తెలుసుకోవాలి సార్ అని అడుగుతారు. లైసెన్సు ఎలా తెచ్చుకోవాలో, స్టాకు ఎక్కడ ఎత్తాలో చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. అవి నన్ను అడగొద్దు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడూళ్ళలో కలిపి ముప్పై ఎనిమిదేళ్ళు కౌంటర్ వెనక నిలబడ్డాను. మోకాళ్ళు అరిగాయి. ఇంకేం మిగిలిందంటే, డాక్టరు చీటీ లేకుండా మందు అడగడానికి వచ్చిన కొందరు ఆడవాళ్ళ ముఖాలు మిగిలాయి, అందులోనూ కడుపుతో ఉన్నవాళ్ళవి. వాళ్ళ సంగతే రాస్తాను. చదివాక ఈ పని మీద ఉత్సాహం పుడుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.

శెట్టి గారి షాపు

మా వైపు తలనొప్పికీ, నడుము నొప్పికీ, వాంతులకూ ఎవరూ డాక్టరు దగ్గరకు పోరు. డాక్టరు దగ్గరకు పోతే ఒక పూట పని పోతుంది. మెడికల్ షాపు అయితే బస్సు దిగి ఎక్కేలోపు పని అయిపోతుంది. వాడేసిన స్ట్రిప్పు ముక్క చూపించి ఇదే కావాలంటారు. ముక్క లేకపోతే రంగు చెప్తారు. అదీ తెలియకపోతే సెట్టు ఇయ్యమంటారు.

సెట్టు అంటే నాలుగు విడి మాత్రలు కాగితంలో చుట్టిన పొట్లం. హిందూపురంలో నేను మొదట చేరిన షాపు యజమానిని అందరూ శెట్టి గారు అనేవాళ్ళు. పొద్దున్నే షాపు తెరిచి, సాంబ్రాణి వెలిగించి, నా చేత యాభై సెట్లు చుట్టించేవాడు. ఒకటి నొప్పికి, ఒకటి జ్వరానికి, ఒకటి కడుపులో మంట రాకుండా. నాలుగోది స్టెరాయిడ్. కూలి పనికి పోయేవాళ్ళకు సాయంత్రానికి ఒళ్ళు తేలికైపోయి, మళ్ళీ మా షాపుకే వచ్చేవాళ్ళు. చదువుకుని వచ్చినవాడిని, అది తప్పని తెలుసు. తెలిసే చుట్టాను. ఎన్ని వేలు చుట్టి ఉంటానో, అవి ఎవరి కడుపులోకి పోయాయో దేవుడికే తెలియాలి.

చేరిన కొత్తలో ఒకరోజు మధ్యాహ్నం మడకశిర వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ఒళ్ళు నొప్పులకు సెట్టు, వాంతులకు మాత్ర అడిగింది. వాంతులు అనగానే నాకు చదువు గుర్తొచ్చింది. షాపు ముందు ఆరేడుగురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. అదేమీ చూడకుండా, క్లాసులో ప్రశ్నకు జవాబు చెప్పేవాడి గొంతుతో అడిగాను.

"నెల తప్పిందా అమ్మా? ఎన్నో నెల?"

ఆ అమ్మాయి ముఖం నల్లబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. శెట్టి గారు లెక్కలు రాస్తున్న పుస్తకంలోంచి తలెత్తాడు.

"అడిగింది ఇయ్యి, అడగనిది అడగొద్దని చెప్తి కదప్పా. నువ్వు అడిగితే ఆయమ్మ చెప్పదు. పక్క షాపుకు పోతాది. ఆడ వాడు ఏమీ అడగడు, ఇచ్చి పంపిస్తాడు. నీ చదువు వల్ల ఆయమ్మకు ఒరిగిందేముండాది?"

పదిహేను రోజులకు ఆ అమ్మాయి అత్త వచ్చి షాపు ముందు నిలబడింది. కన్నడం, తెలుగు కలిపి తిట్టింది. "నిన్ బాయిగె మణ్ణు హాక" అంది, నీ నోట్లో మన్ను పడ అని. "మూడు నెల్లు నిండకముందే నలుగురు మగోళ్ళ ముందర నోరు పారేసుకుంటివే. నీ నోటి చలవ, పోయింది. ఇప్పుడు సంతోషమా?" అని అడిగింది.

కడుపు పోవడానికి నా ప్రశ్న కారణం కాదని నాకు తెలుసు. పక్క షాపులో ఏం ఇచ్చారో, ఎన్ని మింగిందో అదీ తెలియదు. కానీ ఆ రోజు నుంచి నా నోరు మూతబడింది. నేను అడగడం మానేశాను. పిల్లలూ, ఇది నా మొదటి తప్పు అని మీరు అనుకుంటారు. అందరి ముందు అడగడం చిన్న తప్పు. తిట్లకు భయపడి ఆ తర్వాత ఏళ్ళ తరబడి అడగకపోవడం పెద్ద తప్పు.

ఆమడగూరు అవ్వ

పెనుకొండకు మారాక సెట్లు చుట్టడం మానుకున్నాను. అక్కడ షాపు యజమాని బెంగళూరులో ఉండేవాడు, నా ఇష్టానికి వదిలేశాడు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక బయటి ఊళ్ళ పడుచు జంటలు చాలామంది వచ్చి చేరారు. దగ్గర అమ్మ లేదు, అత్త లేదు. ఏదొచ్చినా మెడికల్ షాపే దిక్కు.

ఒకరోజు ఒక అవ్వ వచ్చింది. కొడుకు ఫ్యాక్టరీలో పని చేస్తాడట, ఆమడగూరు నుంచి కోడలిని చూసుకోవడానికి వచ్చిందట. కడుపులో మంటకు మందు అడిగింది.

"నీకా అవ్వా?" అన్నాను.

అవ్వ అటూ ఇటూ చూసింది. వక్కాకు సంచిలోంచి ఒక పసుపు కొమ్ము తీసి కౌంటర్ మీద పెట్టింది.

"నాకు గాదు. ఇది చూసి తెలుసుకో."

నాకు అర్థం కాలేదు. కొమ్ము వైపూ అవ్వ వైపూ చూశాను.

"ఏమప్పా, ఇన్ని మందుల పేర్లు చదివినావు, పసుపు కొమ్ము చదవడం రాదా? ఇట్లాంటివి నోటితో అనగూడదు. కోడలు మూడో నెల్లో ఉండాది." అని, వెంటనే నాలుక కరుచుకుంది. "చూడు, నాతో అనిపిస్తివి."

ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికి పోయాను. మర్నాడు మా ఇంటావిడను అడిగి ఒక స్టీలు డబ్బాలో పసుపు కొమ్ములు పోసి తెచ్చి కౌంటర్ మధ్యలో పెట్టాను. బోర్డేమీ రాయలేదు. అవ్వ కోడలికి చెప్పాను, ఇంకో ఇద్దరికి చెప్పాను. కడుపుతో ఉన్నవాళ్ళు మందు అడిగేటప్పుడు మాట్లాడకుండా ఒక కొమ్ము తీసుకుంటే చాలు, నాకు తెలిసిపోతుంది. నేను పక్క గుమ్మం దగ్గరకు పిలిచి, చిన్న గొంతుతో ఎన్నో నెలో కనుక్కుని, ఇవ్వదగ్గది ఇస్తాను, కానిది ఎందుకు కాదో చెప్తాను, అవసరమైతే డాక్టరు దగ్గరకు పంపిస్తాను. ఎవరి దిష్టీ తగలదు, ఎవరూ నలుగురిలో నోరు విప్పక్కర్లేదు.

ఆ మాట ఆడవాళ్ళలో ఎంత దూరం పోయిందో చెప్పలేను. ఒకసారి ఫ్యాక్టరీ యూనిఫారంలో ఒకతను వచ్చి పంటి నొప్పికి గట్టి మాత్ర ఇమ్మన్నాడు. చుట్టూ చూసి, దొంగిలిస్తున్నట్టు ఒక కొమ్ము తీసి జేబులో వేసుకుని, "తీసుకోమని చెప్పి పంపించింది సార్" అన్నాడు. పన్ను అతని భార్యది. ఎనిమిదో నెల. ఆ గట్టి మాత్ర ఇవ్వలేదు. అటువంటి నొప్పి మాత్రలు ఐదో నెల దాటాక కడుపులో బిడ్డ మూత్రపిండాల మీద పనిచేస్తాయి. బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరు తగ్గిపోతుంది. అది వివరంగా చెప్పి పళ్ళ డాక్టరు దగ్గరకు పంపించాను. తర్వాత ఆడపిల్ల పుట్టిందని పేడాలు తెచ్చి ఇచ్చాడు.

ఇలాంటివి పది జరిగేసరికి నాకు పొగరెక్కింది. ఇన్ని ఊళ్ళలో ఇన్ని షాపులుండగా ఇంత తెలివైన ఉపాయం ఇంకెవరికీ తట్టలేదే అనుకునేవాడిని. వచ్చినవాళ్ళందరికీ ఆ డబ్బా కథ చెప్పేవాడిని. ధర్మవరంలో సొంత షాపు పెట్టుకున్నప్పుడు, దేవుడి పటం కన్నా ముందు ఆ డబ్బానే తెచ్చి కౌంటర్ మీద పెట్టాను.

నాగరత్న

ధర్మవరంలో మా షాపు నేతవాళ్ళ వీధి మొదట్లో ఉండేది. పగలంతా మగ్గాల చప్పుడే. నడుము నొప్పికి, మెడ నొప్పికి మందు అడగని రోజు ఉండదు. గుంత మగ్గంలో పొద్దస్తమానం కూర్చుని కాళ్ళతో తొక్కుతుంటే ఎవరి నడుమైనా ఎంతకాలం ఆగుతుంది?

ఆ వీధిలో ఒక నేతగాడు ఉండేవాడు. ముప్పై ఏళ్ళు దాటలేదు. మెడకు పూసుకునే మందు కోసం వచ్చి, ఆ వారం నేస్తున్న చీర అంచు గురించి పది నిమిషాలు చెప్పి పోయేవాడు. బండి మీద పోతూ లారీ కింద పడి చనిపోయాడు. అతని భార్య పేరు నాగరత్న.

అతను పోయిన మూడు నెలలకు అనుకుంటా, ఒకరోజు పదకొండు గంటలప్పుడు నాగరత్న షాపుకు వచ్చింది. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు. కొంగు రెండు భుజాల మీదుగా నిండా కప్పుకుంది. పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళు కాస్త జరిగి చోటిచ్చారు, ఆ జరగడంలోనే ఏదో ఉంది. నాగరత్న కౌంటర్ మీద చెయ్యి పెట్టింది. ఆ చేతికి జానెడు దూరంలో పసుపు కొమ్ముల డబ్బా.

నేను ఆ డబ్బాను పక్కకు జరిపాను.

చప్పుడు కాకుండా, మెల్లగా, దగ్గు బిళ్ళల సీసా వెనక్కి నెట్టాను. మొన్ననే పసుపూ కుంకుమా తుడిచి కూర్చోబెట్టిన మనిషి కళ్ళముందు అది ఎందుకు అనుకున్నాను. పక్కనున్న ఆడవాళ్ళు చూస్తారు, ఈమెకు బాధ అనుకున్నాను. అది మర్యాద అనుకున్నాను. ఆమెకు డబ్బాతో పని ఉండొచ్చని నాకు తట్టనే లేదు. బొట్టు లేని మనిషికి కడుపు ఉండదని నా కళ్ళు ముందే తేల్చేశాయి.

"నడుము నొప్పి సార్," అంది. "ఆయప్ప సగం నేసి పోయిన చీర మగ్గం మీదనే ఉండాది. నేనే కూసోని నేస్తాండా. కాళ్ళు గూడా లాగుతాండాయి."

ఆ వీధిలో అందరికీ ఇచ్చే నొప్పి మాత్రలే పది ఇచ్చాను. అన్నం తిన్నాక వేసుకొమ్మన్నాను. ఆమె తీసుకుని కూడా కదల్లేదు.

"ఇంకేమన్నా కావాల్నా అమ్మా?"

"ఏం లేదు సార్," అని వెళ్ళిపోయింది.

ఆరేడు వారాలు అలా వచ్చింది. కొన్నిసార్లు వాళ్ళమ్మ ఖాళీ స్ట్రిప్పు తెచ్చి చూపించి తీసుకుపోయేది. నాగరత్న వీధి మలుపులో కనబడగానే నేను డబ్బా తీసి సీసా వెనక పెట్టేవాడిని. ఆమె వచ్చేసరికి కౌంటర్ శుభ్రంగా ఉండేది. నా మంచితనం చూసుకుని నాకే ముచ్చటగా ఉండేది.

తర్వాత ఒక నెల కనబడలేదు.

రెండు రోజుల మందు

వచ్చిన రోజు షాపులో ఎవరూ లేరు. ఈసారి చేతిలో చీటీ ఉంది. చదివాను. ప్రసవమయ్యాక పాలు ఆగిపోవడానికి ఇచ్చే మాత్ర అది. రెండు రోజుల మందు. చెల్లెలికో, వదినకో అనుకున్నాను.

"ఎవరికమ్మా ఇది?"

అన్నాళ్ళలో ఆమెను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"నాకే సార్."

నేను మళ్ళీ చీటీ చూశాను. పేరు ఆమెదే. ఆమె కౌంటర్ మీద చెయ్యి పెట్టి, గొంతు ఏమీ మారకుండా చెప్పింది.

"ఎనిమిదో నెల్లో పోయినాడు సార్. మొగబిడ్డ. స్కాను తీసి ఉమ్మనీరు లేదన్నారు. ఆయప్ప పోయిన పొద్దుకు నాకు రెండో నెల. మాకు ఇద్దరికే తెలుసు. మా అమ్మకు కర్మ అయినాక చెప్పినా. వీధిలో ఎవరికీ చెప్పల్యా. మొగుడు పోయినాక కడుపంటే వేళ్ళు మడిచి నెల్లు లెక్కబెడతారు కదా సార్."

"డాక్టరమ్మకు నొప్పి మాత్రల సంగతి చెప్పినావా?"

"బలం మాత్రలు ఇచ్చినారు, అవి వేసుకుంటాండా అని చెప్పినా. నడుము నొప్పి అందరికీ ఉండేదే కదా, అదేం చెప్పేదని ఊరుకున్నా."

చీర పూర్తయిందా అని అడిగాను. మనిషికి నోరు ఎందుకు ఇచ్చాడో దేవుడు.

"చీర అయిపోయింది సార్," అంది.

మాత్రలు తీసి కవర్లో వేశాను. ఆమె దగ్గు బిళ్ళల సీసా వెనక ఉన్న డబ్బా వైపు చూసింది. ఆ రోజు కూడా ఆమెను చూడగానే అలవాటుగా వెనక్కి పెట్టేశాను.

"ఆ డబ్బా సంగతి పక్కింటి సావిత్రక్క ముందే చెప్పింది సార్. అందులో కొమ్ము తీసుకుంటే సారు ఎవరికీ తెలియకుండా పక్కకు పిలిచి మంచి మందు ఇస్తాడు, కడుపుతో ఉండేవాళ్ళంతా ఆడికే పోతారు అనె. మొదటి పొద్దు దానికోసరమే వచ్చినా. చెయ్యి పెట్టేతలికి మీరు జరిపినారు. నేను తాకగూడదేమో అనుకున్నా."

నింద వేసే గొంతు కాదు. నిజంగానే తాకకూడదని అనుకుంది, అంతే. కవర్ తీసుకుంది. రోజుకు ఎన్ని వేసుకోవాలని అడిగింది. చెప్పాను. వెళ్ళిపోయింది.

ఆ తర్వాత

తెలిసిన డాక్టరమ్మ ఒకామెను కలిసి జరిగింది చెప్పాను. ఆవిడ అంతా విని, ఆ మాత్రల వల్ల కావచ్చు, వేరే కారణమూ కావచ్చు, ఇప్పుడు ఎవరూ తేల్చి చెప్పలేరు అంది. నాకు ఊరట కలుగుతుందని చెప్పి ఉంటుంది. ఊరట ఏమీ కలగలేదు. నన్ను ఎవరూ తిట్టలేదు, ఎవరూ షాపు ముందుకు వచ్చి మన్ను ఎత్తిపోయలేదు. చెయ్యని తప్పుకు హిందూపురంలో తిట్లు తిన్నాను. ఇక్కడ తిట్టేవాళ్ళు ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనిపించింది.

నాగరత్న ఇంటికి ఒకసారి పోయాను. ఏం చెప్పాలని పోయానో నాకే తెలియదు. వాళ్ళమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. లోపల మగ్గం చప్పుడు వినబడుతోంది. "కొత్త చీర ఎక్కించినాది సార్, నడుము నొప్పి అట్లే ఉండాది, ఆ మాత్రలు ఇంకో పది పంపిస్తారా?" అని అడిగింది వాళ్ళమ్మ. ఇప్పుడు ఆ మాత్రలు ఆమెకు ఏమీ చెయ్యవు. వేసుకోవచ్చు. ఆ మాట చెప్పి, లేచి వచ్చేశాను.

డబ్బా ఇంటికి తెచ్చేశాను. తర్వాత వారంలో ఒక కొత్త కోడలు వచ్చి తలనొప్పికి మాత్ర అడుగుతూ కౌంటర్ అంతా కళ్ళతో వెతికింది. నాకు అర్థమైంది. గొంతు తగ్గించి, "నెల తప్పిందా అమ్మా?" అన్నాను. వెనకాల ఎవరో ఉన్నారు. ఆ అమ్మాయి ముఖం అచ్చం ఆ మడకశిర పిల్ల ముఖంలాగే నల్లబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు దాటి ఎదురు షాపుకు పోయింది. అక్కడ వాడు ఏమీ అడగలేదు. రెండు నిమిషాల్లో పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే షాపు అమ్మేద్దామని మా ఇంటావిడతో చెప్పాను.

కాబట్టి పిల్లలూ, ఏం చెయ్యాలో నన్ను అడగొద్దు. అడిగితే పోతారు. అడగకపోతే ఇలా జరుగుతుంది. ఉపాయం పెడితే, ఆ ఉపాయం ఎవరికి వర్తించదో మన కళ్ళే ముందుగా తేల్చేస్తాయి. మీలో ఎవరైనా దీనికి దారి కనుక్కుంటే సంతోషం. నాకు కనబడలేదు. ఇప్పుడు చాలామంది ఫోనులోనే మందులు తెప్పించుకుంటున్నారు, ఎదురుగా ముఖం కూడా ఉండదు.

డబ్బా మా వంటింట్లో ఉంది. మా ఇంటావిడ అందులో ఆవాలు పోసుకుంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ పదకొండు గంటల పూటే కళ్ళముందుకు వస్తుంది. ఏదైనా మంచి పని చేసి ఉంటే బాగుండేదని అనుకోను. ఆమె చెయ్యి డబ్బాకు జానెడు దూరంలో ఉంది. నేను ఏ మర్యాదా చెయ్యకుండా ఊరికే నిలబడి ఉంటే చాలు, ఆమె కొమ్ము తీసుకునేది.